ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వీడియో ఫైల్‌ని తీసుకోకపోతే ఏం చేయాలి?

పెళ్లి వీడియో అంటే ఇప్పుడు ఒక్క కెమెరాతో అయ్యే పని కాదు. రెండు కెమెరాలు, ఒక డ్రోన్, పెళ్లికూతురి తమ్ముడి ఐఫోన్, సంగీత్‌లో మేనమామ తీసిన ఆండ్రాయిడ్ క్లిప్పులు, అన్నీ ఒకే టైమ్‌లైన్ మీదికి రావాలి. వాటిలో ఏదో ఒకటి మొరాయిస్తుంది. ప్రీమియర్ ప్రో అయితే ఫైల్ ఫార్మాట్ సపోర్ట్ చేయదంటుంది. డావిన్చీ రిజాల్వ్ ఎర్రగా 'మీడియా ఆఫ్‌లైన్' అని చూపిస్తుంది, లేదంటే బొమ్మ లేకుండా సౌండ్ మాత్రమే తెస్తుంది.

అప్పుడు చాలామంది గూగుల్‌లో మొదట కనిపించిన ఆన్‌లైన్ కన్వర్టర్‌లోకి ఫైల్ ఎక్కించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. క్వాలిటీ పోతుంది, పైగా ఎవరింటి పెళ్లో ఎవరి సర్వర్‌లోనో పడి ఉంటుంది. ముందు ఫైల్‌కి ఏమైందో తెలుసుకోండి. చాలాసార్లు కన్వర్ట్ చేయాల్సిన అవసరమే రాదు.

మొదటి మెట్టు: కాపీ సరిగ్గా అయిందా?

మెమొరీ కార్డులో ఉన్న ఫైల్ మీద, కంప్యూటర్‌లో ఉన్న ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. జీబీల్లో కాదు, బైట్లలో అంకె అంకె కలవాలి. తేడా ఉంటే కాపీ మధ్యలో తెగినట్టే, మళ్లీ కాపీ చేయండి. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ ఫోల్డర్లలో ఉన్న ఫైల్ పేరు మాత్రమే కనిపిస్తూ అసలు సరుకు ఇంకా నెట్‌లోనే ఉండొచ్చు. దాన్ని పూర్తిగా డౌన్‌లోడ్ చేసుకోండి. ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకో ఫోల్డర్, ఫైల్ పేరులో ఎమోజీలు ఉంటే, డి డ్రైవ్‌లో చిన్న పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి అందులోకి మార్చి చూడండి. నమ్మబుద్ధి కాదు గానీ దీంతోనే పనైపోయిన సందర్భాలు ఉంటాయి.

రెండో మెట్టు: లోపల ఏముందో చూడండి

ఫైల్‌ని వీఎల్‌సీలో ప్లే చేయండి. అది దాదాపు అన్ని ఫార్మాట్లూ ఆడిస్తుంది కాబట్టి, అందులో చివరిదాకా ఆడిందంటే ఫైల్ బాగానే ఉంది, మీ ఎడిటర్‌కే అది పడట్లేదని అర్థం. తర్వాత మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో అదే ఫైల్‌ని తెరవండి.

ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ అన్నవి క్యారేజీ గిన్నెల్లాంటివి. మూత చూసి లోపల పులిహోర ఉందో పెరుగన్నం ఉందో చెప్పలేం. అందుకే ఫైల్ పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని రాసుకుంటే ఏమీ మారదు. మీడియాఇన్ఫో వీడియో భాగంలో మూడు విషయాలు చూడాలి: ఫార్మాట్ (బొమ్మని కుదించిన పద్ధతి, దీన్నే కోడెక్ అంటారు) ఏవీసీయా (అంటే హెచ్.264) హెచ్ఈవీసీయా (అంటే హెచ్.265), బిట్ డెప్త్ (రంగుల సూక్ష్మత) 8నా 10నా, ఫ్రేమ్ రేట్ మోడ్ కాన్‌స్టంటా (సెకనుకి ఫ్రేముల లెక్క మారదు) వేరియబులా (మారుతుంటుంది). వీడియో భాగమే కనిపించకుండా ఫైల్ సైజు మాత్రమే వస్తే ఫైల్ దెబ్బతింది. తిన్నగా నాలుగో మెట్టుకి వెళ్లండి.

మూడో మెట్టు: రోగాన్ని బట్టి మందు

లోపల హెచ్.264 ఉండి బయట ఎంకేవీ ఉంటే అది తేలిక కేసు. ఓబీఎస్‌తో స్క్రీన్ రికార్డింగ్ చేసేవాళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది, పాత ప్రీమియర్ వెర్షన్లు ఎంకేవీని తీసుకోవు. ఓబీఎస్ ఫైల్ మెనూలోనే 'రీమక్స్ రికార్డింగ్స్' ఉంది. ఫైల్‌ని అందులో వేస్తే ఎంపీ4 అయి వస్తుంది. బొమ్మని మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి క్వాలిటీ పిసరంత కూడా తగ్గదు, టైమూ పట్టదు. ఓబీఎస్ లేకపోతే షట్టర్ ఎన్‌కోడర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో 'రీవ్రాప్' ఇదే పని చేస్తుంది.

ఫోన్ వీడియోల సంగతి వేరు. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి కొత్త ఐఫోన్లు వీడియోని హెచ్ఈవీసీలో దాస్తున్నాయి. పాత ఎడిటర్లకి, పాత కంప్యూటర్లకి అది మింగుడు పడదు. పైగా ఫోన్లు సెకనుకి ఇన్ని ఫ్రేములని కచ్చితంగా పట్టుకోవు, కాస్త అటూ ఇటూ అవుతుంటాయి. అలాంటి క్లిప్ ఎలాగోలా ఇంపోర్ట్ అయినా, మంత్రాలు ఒకచోట, పంతులుగారి పెదవులు ఇంకోచోట నడుస్తాయి. దీనికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్ ప్రోగ్రామ్ చాలు. వీడియో ట్యాబ్‌లో హెచ్.264 ఎంచుకుని, ఫ్రేమ్ రేట్ దగ్గర 'కాన్‌స్టంట్' నొక్కండి. ఫోన్‌లో 30 ఫ్రేములతో తీసి ఉంటే ఇక్కడా 30 పెట్టండి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు మినుకుమినుకుమనకుండా పెద్ద కెమెరాలో 25 పెట్టుకుంటాం గదా అని ఫోన్ క్లిప్పుని కూడా ఇక్కడే 25కి దించితే కదలికలు కుదుపుగా వస్తాయి. ఆ మార్పు టైమ్‌లైన్ చూసుకుంటుంది.

అసలు తలనొప్పి 10 బిట్ 4:2:2 ఫుటేజీతో, అంటే రంగుల వివరం ఎక్కువగా దాచే ఫైళ్లతో. 2020లో వచ్చిన సోనీ ఏ7ఎస్ 3 లాంటి కెమెరాలు ఇలాంటి ఫైళ్లు ఇస్తాయి. విండోస్‌లో ఉచిత రిజాల్వ్ వీటిలో సౌండ్ మాత్రమే తీసుకోవడం తెలిసిన సమస్యే. లైనక్స్‌లోనైతే ఉచిత వెర్షన్ మామూలు హెచ్.264ని కూడా తెరవదు. దారులు రెండు: డబ్బు పెట్టి రిజాల్వ్ స్టూడియో వెర్షన్ కొనడం, లేదా షట్టర్ ఎన్‌కోడర్‌లో ప్రోరెస్ 422కో డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌కో (ఎడిటింగ్ కోసమే చేసిన కోడెక్‌లు) మార్చడం. డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ అయితే 10 బిట్ ఉండే హెచ్‌క్యూఎక్స్ రకం తీసుకోండి. లేకపోతే ఆ కెమెరా కొన్న ప్రయోజనమే పోతుంది. మార్చే ముందు హార్డ్‌డిస్క్‌లో చోటు చూసుకోండి. ప్రోరెస్ 422లో సెకనుకి 30 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీ గంటకి సుమారు 66 జీబీ, అల్ట్రా హెచ్‌డీ 4కె అయితే 265 జీబీ దాకా తింటుంది. రెండు రోజుల పెళ్లిని మొత్తం మార్చాలంటే డిస్కుల ఖర్చు కూడా బిల్లులో వేయాల్సిందే. వాడబోయే క్లిప్పులు ఏరుకుని అవే మార్చండి.

నాలుగో మెట్టు: ఫైలే విరిగిపోతే

జీలకర్ర బెల్లం టైమ్‌కి బ్యాటరీ అయిపోయి కెమెరా ఆగిందనుకోండి. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచికని కెమెరా మామూలుగా రికార్డింగ్ ఆపినప్పుడే చివర్లో రాస్తుంది. అది పడకపోతే లోపల బొమ్మలన్నీ ఉన్నా ఏ ప్లేయరూ తెరవలేదు. ఇక్కడ కన్వర్టర్లు దండగ.

ముందుగా, ఆ కార్డులో ఇంకేమీ షూట్ చేయకండి, ఫార్మాట్ అసలే వద్దు. విరిగిన ఫైల్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, కార్డుని తీసిన కెమెరాలోనే మళ్లీ పెట్టి ఆన్ చేయండి. గోప్రో లాంటివి సగంలో ఆగిన ఫైల్‌ని గుర్తుపట్టి తామే బాగుచేస్తాయి. కుదరకపోతే అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దానికి విరిగిన ఫైల్‌తో పాటు అదే కెమెరాతో, అదే రిజల్యూషన్, అదే ఫ్రేమ్ రేట్, అదే కోడెక్ సెట్టింగులో తీసిన బాగున్న ఫైల్ ఒకటి ఇవ్వాలి. దాన్ని చూసి పోయిన సూచికను తిరిగి కడుతుంది. అదే రోజు, అదే కార్డులో దానికి ముందు తీసిన క్లిప్ అయితే సరిగ్గా సరిపోతుంది. సెట్టింగ్ మారిన క్లిప్ ఇస్తే వచ్చేది చారలూ గరగరలే.