నమాజ్ ఖిమార్ కుట్టడం ఎలా? గడ్డం దగ్గర తొందరపడకండి

నమాజులో రుకూలోకి (నడుము వంచి నిలబడే భంగిమలోకి) వంగగానే దుపట్టా జారుతుంది. ఒక చేత్తో దాన్ని సర్దుకోవాలి. సజ్దా (నుదురు నేలకి ఆనించడం) నుంచి లేస్తూ బయటికొచ్చిన వెంట్రుకల్ని మళ్లీ లోపలికి తోసుకోవాలి. ఇలా నాలుగు రకాతులు (నమాజు ఆవృతులు) చదివితే మనసు అల్లా మీద ఎక్కడ నిలుస్తుంది? యుక్తవయసు వచ్చిన స్త్రీ నమాజు ఖిమార్ (తలకప్పు బట్ట) లేకుండా స్వీకారం కాదని అబూ దావూద్ సంకలనంలో హదీసు (ప్రవక్త మాట) ఉంది. తలకీ ఎదకీ కలిపి ఒకే బట్ట, గుండుసూది అవసరం లేకుండా కుట్టుకుంటే ఈ అవస్థ ఉండదు. మిషన్ తొక్కడం వచ్చిన ఎవరైనా ఒక మధ్యాహ్నంలో కుట్టేయొచ్చు.

బట్ట కాటన్‌దే కావాలి. తిరుపతి ఎండల్లో పాలిస్టర్ వేసుకుని జొహర్ (మధ్యాహ్నం నమాజు) చదివితే ఉక్కకి ప్రాణం పోతుంది, పైగా అది తలమీద నిలవదు. పుత్తూరు, నగరి మగ్గాల బట్ట దొరికితే మరీ మంచిది. 44 అంగుళాల పన్నా, రెండున్నర మీటర్లు. కొట్లోనే బట్ట వెనక చెయ్యి పెట్టి వెలుతురుకు పట్టుకోండి. వేళ్లు కనిపిస్తే వద్దు. రంగు ఏదైనా సాదాగా ఉండాలి. రాళ్లు, జరీ, లేసు ఏవీ వద్దు. హయా (సిగ్గు, అణకువ) ఈమాన్‌లో (విశ్వాసంలో) ఒక శాఖ అని బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది. పక్కనున్న ఆమె చూపు మన తలమీదికి లాగే బట్టతో ఆ శాఖ పెరగదు.

ముందు తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. ఈ పని ఎగ్గొట్టి కుట్టేసి, మొదటి ఉతుకుకే కురచైపోయిందని వచ్చేవాళ్లే ఎక్కువ.

బట్టని పొడవు సగమయ్యేలా మడవండి. మడత, బట్ట సొంత అంచు కలిసే మూల ఒకటి ఉంటుంది. అదే నుదుటి దగ్గరకొచ్చే చోటు. ఆ మూలలో దారం అదిమిపట్టి, 43 అంగుళాల దూరంలో దారానికి సుద్ద కట్టి, మడత నుంచి అంచు దాకా వంపుగా గీయండి. రెండు పొరలూ కలిపి కత్తిరించండి. విప్పితే అర్ధచంద్రం వస్తుంది. కత్తిరింపు ఇంతే.

ఇక గడ్డం. ఖిమార్ పాడయ్యేది ఇక్కడే. తిన్నని అంచు రెండు సగాల్నీ కలిపి ముందువైపు కుట్టాలి, కానీ పైన ముఖానికి ఎంత వదలాలి? బజార్లో దొరికే ఫ్రీ సైజువన్నీ ఈ ఒక్క కొలత దగ్గరే తప్పుతాయి. ఎవరో వీడియోలో పది అంగుళాలు అన్నారని మీరూ పది వదలకండి. జుట్టు నమాజుకి ఎలా ఉంటుందో అలాగే, కిందికి జడ వేసుకుని కూర్చోండి. నడినెత్తిన ముడి పెట్టుకుంటే కొలత మారిపోతుంది. టేపుని నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోట నుంచి చెంప పక్కగా గడ్డం కిందికి తెచ్చి చుట్టండి. ఆ కొలత తీసేటప్పుడు నోరు మూసుకోకూడదు. సూరా ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం) చదవండి. చదువుతుంటే గడ్డం కిందికి దిగుతుంది, టేపు బిగుసుకుంటుంది. బిగుసుకున్నప్పుడున్న కొలతే అసలు కొలత. చాలామందికి ఇరవై, ఇరవై రెండు అంగుళాల మధ్య వస్తుంది. అందులో సగం మడత మూల నుంచి వదలాలి.

అప్పుడు కూడా మిషన్ మీద పెట్టకండి. చేత్తో కచ్చా కుట్టు వేసి తొడుక్కోండి. నిలబడి బాగుందని అద్దంలో చూసుకుంటే సరిపోదు, అద్దం ముందు ఎవరూ నమాజు చదవరు. జానమాజ్ (నమాజు చాప) పరిచి రెండు రకాతులకి ఎలా వంగుతారో అలా పూర్తిగా వంగి లేవండి. రుకూలో గడ్డం కింద బట్ట వేలాడి మెడ కనిపిస్తే వదులైందన్నమాట, అర అంగుళం పైకి కుట్టండి. చదువుతుంటే బట్ట నోటి మీదికి ఎక్కినా, మింగుతుంటే గొంతు దగ్గర పట్టినా అర అంగుళం విప్పండి. సజ్దాలో నుదురు, ముక్కు నేలకి ఆనాలి. బట్ట ముందుకు జారి నుదుటికీ నేలకీ మధ్య వస్తోందంటే నుదుటి దగ్గర పట్టీ లేదని అర్థం. లోపలివైపు వెంట్రుకల గీత వెంబడి వేలెడు వెడల్పు పట్టీ వేసి, రెండు కొసలూ మెడ వెనక ముడేసేలా వదలండి. ఎలాస్టిక్ వద్దు. నాడా అయితే ఎవరి తలకి వాళ్లు బిగించుకోవచ్చు.

ఇవన్నీ కుదిరాకే మిషన్ కుట్టు. గడ్డం మొదట్లో మూడుసార్లు ముందుకీ వెనక్కీ తొక్కండి, తొడిగి తీసే ప్రతిసారీ బరువంతా ఆ చుక్క మీదే పడుతుంది. ముఖం చుట్టూ అంచుని లోపలికి మడిచి కుట్టండి, కింది వంపుకి పీకో చేయిస్తే చాలు.

ముందు భాగం తుంటి దాకా ఉండాలన్నదే నా లెక్క. ఎద మీద ఆగిపోయే పొట్టి ఖిమార్లు నేను కుట్టివ్వను. ఖురాన్‌లో నూర్ సూరా 31వ ఆయత్‌లో (వాక్యంలో) ఖిమార్‌ని ఎదమీదికి వేసుకోమని ఉంది. చేతులెత్తినప్పుడు పొట్టిది ఆ మాత్రం కూడా కప్పదు. అంతకు ముందున్న 30వ ఆయత్ మగవాళ్లని చూపు దించుకోమని చెబుతుంది. కూతురికి ఖిమార్ కుట్టే తల్లి కొడుక్కి ఆ ఆయత్ కూడా నేర్పాలి. ఒకరిది బట్ట, ఒకరిది చూపు అని పంచుకునే వ్యవహారం కాదిది, చూపు దించుకోమని 31వ ఆయత్ ఆడవాళ్లకీ చెబుతుంది.

లోపల పూర్తి చేతుల జుబ్బా లేదా చుడీదార్ వేసుకోవాలి, తక్బీర్‌కి (అల్లాహు అక్బర్ అంటూ) చేతులెత్తినప్పుడు ఖిమార్ పైకి లేచినా మణికట్టు దాకా కప్పి ఉంటుంది. చిన్నపిల్లలకైతే దారం పొడవు తగ్గించి గీయండి, ముఖం కొలత మాత్రం మళ్లీ తీయండి, పెద్దవాళ్ల కొలతని అందాజుగా తగ్గించకండి. హాస్టల్లో చదివే ఆడపిల్లలకి రెండు కుట్టివ్వండి, ఒకటి ఆరేలోపు రెండోది ఉంటుంది.