గొరిల్లాల ఫోటోలకు వెళ్తున్నారా? కెమెరాలో ముందే మార్చుకోవాల్సినవి

ఉగాండాలోని బ్విండి అడవికి కొండ గొరిల్లాల ఫోటోల కోసం వెళ్లేవాళ్లకు ఒక మాట. వాటి దగ్గర ఉండనిచ్చేది ఒక్క గంట, ఒక్కో గుంపు దగ్గరికి 8 మందినే పంపుతారు, ఫ్లాష్ అస్సలు వాడకూడదు. అందుకే సెట్టింగులన్నీ కొండ ఎక్కకముందే చూసుకోండి, అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకుంటే ఆ గంటలో సగం మెనూలు వెతకడానికే పోతుంది.

అసలు చిక్కంతా ఆ నల్లటి బొచ్చుతోనే. ఫ్రేమంతా నలుపే కనబడేసరికి కెమెరా చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, బొచ్చు బూడిద రంగులోకి తేలిపోతుంది, పైగా షట్టర్ నెమ్మదించి ఫోటో షేక్ అవుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుతురుని మనం పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 1 దగ్గర పెట్టి, ఐఎస్ఓని (తక్కువ వెలుతురులోనూ ఫోటో తీయనిచ్చే సెట్టింగు) 3200 దాకా పోనివ్వండి. ఐఎస్ఓ పెరిగితే ఫోటోలో వచ్చే గ్రెయిన్ (సన్నటి చుక్కలు) తర్వాత తగ్గించుకోవచ్చు, షేక్ అయిన ఫోటోని మాత్రం ఏమీ చేయలేం. ఫోకస్ కంటి మీదే ఉంచండి. ఆకులు నములుతూ తల కాస్త పైకెత్తగానే ఆ గోధుమ రంగు కంట్లో ఆకాశం చిన్న చుక్కలా మెరుస్తుంది, అప్పుడు నొక్కండి.

లెన్స్ 70-200 మి.మీ. జూమ్ ఒక్కటి చాలు. గొరిల్లాల దగ్గరికి వెళ్లేముందు బ్యాగులు, చేతికర్రలు వదిలేయమంటారు, అందుకే ఇంకో బ్యాటరీ, కార్డు జేబులోనే పెట్టుకోండి. దారిలో ఒంటికి తగిలితే మంటపెట్టే ఆకులుంటాయి, మందపాటి గ్లౌజులు తప్పనిసరి. జలుబు, దగ్గు ఉంటే మాత్రం దయచేసి వెళ్లకండి, మన జబ్బులు వాటికి తేలిగ్గా అంటుకుంటాయి, ప్రాణాల మీదికే రావచ్చు.