రోహిణి ఎండ ఉండగానే ఓపెన్ కారును వానకు సిద్ధం చేసుకోండి

విజయవాడలో టాప్ మడిచేసుకునే రెండు సీట్ల ఓపెన్ కారు ఉందంటే ఎవరైనా మొదట అడిగేది, "ఈ ఎండలకి దాన్నేం చేసుకుంటారండీ?" అని. ఎండతో నాకు ఎప్పుడూ పెద్ద ఇబ్బంది రాలేదు. మే నెలలో కూడా పొద్దున్నే అయిదున్నరకి టాప్ మడిచేసి, ప్రకాశం బ్యారేజీ దాటి, కరకట్ట మీద ఉండవల్లి వైపు వెళ్ళి ఏడింటికల్లా ఇంటికి చేరితే ఎండ సంగతే గుర్తుకు రాదు. ఈ కారుకి గండం వానాకాలం. అదీ మొదటి వాన పడ్డాక మేలుకున్నవాళ్ళకి మరీ కష్టం.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలై జూన్ 8 దాకా ఉంటుంది. ఆ తర్వాత మృగశిర. రోళ్ళు పగిలే ఎండ అని తిట్టుకునే ఆ పదిహేను రోజులే మనకి పనికొచ్చే రోజులు. ఎందుకంటే ఓపెన్ కారుని వానకి సిద్ధం చేయడమంటే కావాలని తడిపి చూడడం, తడిసినచోటు బాగుచేయడం, మళ్ళీ బొత్తిగా ఆరబెట్టడం. జూలైలో తడిసిన కార్పెట్ దసరా దాకా ఆరదు.

ముందు ఒక మాట. ఈ కార్ల ఆనందమంతా బరువు లేకపోవడంలోనే ఉంది. 1989లో వచ్చిన మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5 టన్నులోపే తూగేది. 1996లో అమ్మకానికి వచ్చిన లోటస్ ఎలీజ్ 725 కిలోలే. మన దేశంలోనే, గోవాలో తయారైన శాన్ స్టార్మ్ ఫైబర్ బాడీతో, 1149 సీసీ రెనో ఇంజిన్‌తో వచ్చింది. స్టీరింగ్ కాస్త తిప్పితే చాలు, కారు మన మనసు తెలిసినట్టు తిరుగుతుంది. ఆ తేలికదనమే వాన నీళ్ళలో మనకి అడ్డం తిరుగుతుంది. కింద చెప్పేవాటిలో సగం జాగ్రత్తలు దాని గురించే.

మొదటి పని టాప్ దగ్గర. రెండేళ్ళ క్రితం జూన్ చివర్లో నా కారు పక్క సీటు కింద కార్పెట్ నొక్కితే నీళ్ళు ఊరాయి. టాప్ చూస్తే ఎక్కడా చిరుగు లేదు, కుట్లు గట్టిగానే ఉన్నాయి. ఆటోనగర్ తీసుకెళ్ళి, "బాబాయ్, పైనుంచి చుక్క కారట్లేదు, మరి లోపలికి నీళ్ళెలా వచ్చాయి?" అని మా మెకానిక్‌ని అడిగాను. ఆయన సీటు ముందుకి జరిపి, వెనక కార్పెట్ మూల ఎత్తి, "ఇటు చూడు అబ్బాయ్" అన్నాడు. టాప్ మీద పడ్డ నీరు వెనక అంచున ఉన్న రబ్బరు కాలవలోకి దిగుతుంది. అక్కడినుంచి రెండు పక్కలా ఉన్న సన్నటి గొట్టాల్లోంచి కారు కిందికి పోవాలి. ఆ గొట్టం మూతిలోకి ఆయన నైలాన్ తీగ పోనిచ్చి మెల్లగా తిప్పుతూ లాగితే వేలెడు పొడుగున ఒక ముద్ద బయటికొచ్చింది. వేపపూత, చింతాకు, రోడ్డు దుమ్ము కలిసి పిడకలా గట్టిపడ్డాయి. ఒక చివర నల్లగా కుళ్ళి వాసనేస్తోంది. రెండు వేసవులు నేను కారుని చెట్టు కింద నీడలో పెట్టి మురిసిపోయాను. ఆ చెట్టు రాల్చిందంతా చేరిన చోటు అది.

మీ కారులో ఈ గొట్టాలు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతకండి. చాలా ఓపెన్ కార్లలో సీట్ల వెనక, రెండు మూలలా ఉంటాయి. శుభ్రం చేయడానికి గడ్డి కోసే మిషన్‌లో వాడే లావుపాటి నైలాన్ తీగ బాగుంటుంది. ఇనుప తీగ పెడితే గొట్టానికి బొక్క పడుతుంది. కంప్రెసర్‌తో గాలి కొట్టించవద్దు, లోపల గొట్టం బిగింపు ఊడిపోతే తెలుసుకోవడానికి ఇంకో వాన పడాలి. ఆ తర్వాత ఒక మనిషి చెంబుతో నీళ్ళు నెమ్మదిగా పోయాలి, ఇంకో మనిషి కింద కూర్చుని చూడాలి. పోసినన్ని నీళ్ళు వెంటనే, రెండు పక్కలా సమానంగా బయటికి రావాలి. ఆగి ఆగి వస్తే ఇంకా ఏదో ఉన్నట్టే. డోర్ల కింద అంచున ఉండే చిన్న కన్నాలు కూడా చూడండి. అవి మూసుకుపోతే ఇనుప బాడీ కార్లకి లోపలినుంచి తుప్పు మొదలవుతుంది. వెనక చక్రం ముందు పెయింట్ బొబ్బలెక్కిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

డోర్ల, అద్దాల చుట్టూ ఉండే రబ్బర్ బీడింగులకి సిలికాన్ గ్రీజు పల్చగా పట్టించండి. వ్యాజిలిన్, ఇంజిన్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. టాప్‌ని వాటర్ సర్వీసింగ్ షాపులో ప్రెషర్ గన్‌తో కడగనివ్వద్దు, మరీ ముఖ్యంగా కుట్ల మీద. పలచటి షాంపూ నీళ్ళు, మెత్తటి బ్రష్, నీడలో ఆరబెట్టడం, అంతే. గుడ్డ టాప్ అయితే పూర్తిగా ఆరాక నీళ్ళు పట్టకుండా చేసే స్ప్రే కొట్టాలి. వెనక అద్దం ప్లాస్టిక్‌ది అయితే ఎండకి పెళుసెక్కి ఉంటుంది. దాన్ని మడత పెట్టే ముందు చేత్తో వంచి చూడకండి, పుటుక్కున చీలుతుంది. తడిసిన టాప్‌ని మాత్రం ఎంత తొందర ఉన్నా మడిచి వదిలేయవద్దు. రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఆ మచ్చలు మళ్ళీ పోవు.

ఇక టైర్లు. ఇవి ఆదివారం బళ్ళు కాబట్టి టైరు అరిగే లోపే ముసలిదవుతుంది. గాట్లు లోతుగా కనిపిస్తాయి, రబ్బరు మాత్రం చెక్కలా గట్టిపడి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆరేళ్ళు దాటితే గాటు ఎంతున్నా మార్చేయమనే నా సలహా. గాటు లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చట్టం ఒప్పుకుంటుంది, వాన ఒప్పుకోదు. 3 మిల్లీమీటర్లకి తగ్గితే నేను వానలో తీయను.

టైరు నీటి మీద తేలిపోయి రోడ్డు పట్టు వదిలేయడం గురించి ఒక లెక్క ఉంది. విమానాల టైర్ల మీద పరిశోధించి నాసా వాళ్ళు 1960ల్లో తేల్చింది. టైరులో గాలి ఎంత తక్కువుంటే అంత తక్కువ వేగంలోనే అది నీటి మీద తేలుతుంది. మామూలు కార్లలో 32, 33 పీఎస్ఐ పెడతాం. తేలికపాటి కార్లకి కంపెనీ చెప్పేదే 26 పీఎస్ఐ ప్రాంతంలో ఉంటుంది. ఆ లెక్కన 32 ఉన్న టైరు గంటకి 94 కిలోమీటర్ల దగ్గర తేలితే, 26 ఉన్నది 85 దగ్గరే తేలుతుంది. గాట్లు అరిగిపోయి, రోడ్డు మీద నీళ్ళు నిలిచి ఉన్నప్పటి మాట ఇది. పక్కన వెళ్తున్న పెద్ద కారు తొంభైలో హాయిగా పోతోందని మనం కూడా హైవే మీద దాని వెనక పడితే, దాని టైర్లు ఇంకా రోడ్డు మీద ఉంటాయి, మనవి ఉండవు. కారు తేలినట్టు అనిపిస్తే బ్రేకు తొక్కవద్దు, స్టీరింగ్ తిప్పవద్దు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి తిన్నగా పోనివ్వండి.

మంగళగిరి దాటాక లారీల పక్కన అసలు ఉండకండి. మన తల వాళ్ళ చక్రం ఎత్తులో ఉంటుంది. వాళ్ళ అద్దంలో మనం కనిపించం, వాళ్ళ టైర్లు ఎగజిమ్మే బురద నీళ్ళు నేరుగా మన అద్దం మీద పడతాయి. లైట్లు పగలైనా వేసుకోండి. కనకదుర్గ ఫ్లైఓవర్ లాంటి మలుపు మీద, తడిసిన ఇనుప జాయింట్లు దాటేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కడం, టక్కున వదలడం రెండూ ప్రమాదమే, ఇంజిన్ వెనక చక్రాలని తిప్పే కారైతే మరీను. మొదటి వాన పడ్డ పావుగంట, నెలల తరబడి పేరుకున్న ఆయిలూ దుమ్మూ కలిసి రోడ్డు సబ్బులా ఉంటుంది. ఆ పావుగంట ఎక్కడైనా ఆగి టీ తాగండి.

పిడుగుల సంగతి మా ఓపెన్ కార్ల వాళ్ళలో చాలామంది పట్టించుకోరు, కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను. ఉరుములొస్తే కారులో కూర్చోమని అందరూ చెబుతారు. అది ఇనుప పైకప్పు ఉన్న కారు గురించి. పిడుగు ఆ ఇనుప బాడీ మీదుగా నేలలోకి దిగిపోతుంది, లోపలి మనిషికి తగలదు. గుడ్డ టాప్‌కి, ఫైబర్ బాడీకి ఆ రక్షణ లేదు. గుంటూరు దారిలో పొలాల మధ్య ఉండగా మెరుపు కనిపించిందా, ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినపడితే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉంది. వెంటనే పక్కా భవనం లోపలికి వెళ్ళాలి, తాటిచెట్టు కిందికి కాదు. దామిని యాప్ ఫోన్లో వేసుకోండి, మన చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది.

నిలిచిన నీళ్ళలోకి దిగే విషయంలో ఒక లెక్క వేసి చూశాను. చిన్న కారు అడుగు భాగం సుమారు 4 చదరపు మీటర్లు. నీళ్ళు అడుగుని తాకాక ప్రతి సెంటీమీటరుకీ 40 కిలోల చొప్పున కారుని పైకెత్తుతాయి. 800 కిలోల కారు 20 సెంటీమీటర్లకే తేలుతుంది. కింద ఖాళీ 13 సెంటీమీటర్లు కలిపితే రోడ్డు మీద 33 సెంటీమీటర్లు, అంటే చక్రంలో సగానికి కాస్త ఎక్కువ. నీళ్ళు పారుతుంటే అంతకన్నా ముందే పక్కకి తోసేస్తాయి. గుంటూరు వాళ్ళకి వానకి నీళ్ళు నిలిచే మూడు వంతెనల సంగతి చెప్పక్కర్లేదు, విజయవాడలో రైల్వే అండర్‌బ్రిడ్జిలు అన్నీ అంతే. చక్రం గిన్నె (రిమ్) కిందిభాగం మునిగేంత నీళ్ళు కనపడితే నేను వెనక్కి తిప్పేస్తాను. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్లోకి నీళ్ళు పోయి ఉంటే ఆ ఒక్క సెల్ఫ్‌తో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అలా పాడైన ఇంజిన్‌కి మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వరు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. మీ పాలసీలో అది ఉందో లేదో జూన్‌కి ముందే చూసుకోండి.

2024లో సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున్న సింగ్‌నగర్ నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "గుమ్మం దాకా వచ్చేశాయిరా నాన్నా, వాన కూడా తగ్గింది, ఎక్కడినుంచి వస్తున్నాయో తెలీట్లేదు" అంది. గంట తర్వాత చేస్తే మేడ మీద ఉన్నామంది. అది బుడమేరు వాగు నీరు, ఎగువన గట్లు తెగి వచ్చింది. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. ఆ వీధిలో బండి తీద్దామనుకున్నవాళ్ళకి తీసే సమయం దొరకలేదు. అందుకే కారు ఎక్కడ పెట్టాలో ఇప్పుడే మాట్లాడుకోండి. ఎత్తు మీద ఉన్న బంధువుల ఇల్లు గానీ, స్నేహితుడి అపార్ట్‌మెంట్ గానీ, సెల్లార్ మాత్రం కాకూడదు. రెడ్ అలర్ట్ వస్తే, అంటే ఒక్క రోజులో 20 సెంటీమీటర్లు దాటే వాన అని చెబితే, ముందు రోజు సాయంత్రమే వెలుతురు ఉండగా తీసుకెళ్ళి పెట్టేయండి. వాన మొదలయ్యాక అయితే కారు వదిలేయండి, ఇంట్లో వాళ్ళూ మందులూ కాగితాలూ చూసుకోండి. సెప్టెంబరు అయిపోయిందని తేలిక పడొద్దు కూడా. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, రెండేళ్ళు దాటితే మార్చండి. వైపర్ రబ్బర్లు రోహిణిలో కాలిపోయే ఉంటాయి, జూన్ మొదట్లో కొత్తవి వేయండి. ఫైబర్ బాడీ కారులో కరెంటు తిరిగి రావడానికి ఇనుప బాడీ ఉండదు, అన్నీ ఎర్త్ వైర్లే. లైటు మసకగా వెలిగినా, ఇండికేటర్ తిక్కతిక్కగా కొట్టుకున్నా ముందు ఎర్త్ బిగింపు విప్పి గరుకు కాగితంతో రుద్ది చూడండి. వారాలపాటు నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో ఉంచి చక్రాలకి ఇటుకలు పెట్టండి. లేదంటే తేమకి బ్రేకులు పట్టేసుకుంటాయి. కవరు గాలి ఆడే గుడ్డది కావాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల ఆవిరి పట్టి కారు ఉడుకుతుంది, ఎలుకలు కూడా అక్కడే కాపురం పెడతాయి.

వానలో తిరిగొచ్చిన రోజు ఇంటికి రాగానే కాళ్ళ దగ్గర మ్యాట్లు తీసి, కార్పెట్ కిందికి చెయ్యి పోనిచ్చి చూడండి. పైన పొడిగా ఉన్నా కింది స్పాంజి నీళ్ళు పట్టి ఉంటుంది, కొన్ని కార్లలో ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) పెట్టెను అక్కడే బిగిస్తారు. తడి తగిలితే పాత కాటన్ పంచె మడిచి స్పాంజి కింద దోపి, కాలితో నొక్కి, పిండి, మళ్ళీ దోపండి. నాలుగైదు సార్లకి పోతుంది. మర్నాడు ఎండ కాస్తే పదింటినుంచి రెండింటిదాకా టాప్ తీసి, సీట్లు ముందుకి తోసి, డోర్లు తెరిచి పెట్టండి. మీరు మాత్రం అక్కడే ఉండండి. ఆషాఢం మబ్బు ఎప్పుడు కమ్ముకొస్తుందో చెప్పలేం.