కాంకూన్ వెళ్లేవాళ్లకి స్పానిష్, 4వ పాఠం: "సిన్ కార్నే" అంటే కోడి వచ్చింది

ఈ వారం నిజానికి దారి అడగడం, వ్యాన్ ఎక్కడం నేర్పాలి. మెక్సికోలో కాంకూన్ నుంచి చూసొచ్చే తులూమ్ కోట, సెనోతేలు (నీటి గుంటలు), చిచెన్ ఇత్సా శిథిలాలు, అన్నీ ఒక్క పాఠంలో తిప్పేద్దామని రాసి పెట్టుకున్నాను. ఈలోగా మూడో పాఠం పట్టుకుని సెలవులకి వెళ్లొచ్చినవాళ్ల ఉత్తరాలు వచ్చాయి. అవి చదివాక కోటలూ బావులూ కిందికి జరిగాయి. ముందు తిండి సంగతి తేల్చుకుందాం.

మూడో పాఠంలో "సిన్ కార్నే, పోర్ ఫాబోర్" అని నేర్పాను. మాంసం లేకుండా ఇవ్వండి అని. ఆస్టిన్ నుంచి వెళ్లిన ఒకావిడ ప్లాయా దెల్ కార్మెన్ ఊళ్లో ఈ మాట తడబడకుండా చెప్పారట. సర్వర్ నవ్వుతూ తలూపి సోపా దే లీమా తెచ్చాడు. నిమ్మజాతి పండు పిండిన చారు, పైన కరకరలాడే తోర్తీయా (వాళ్ల రొట్టె) ముక్కలు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. చెంచా పెడితే అడుగున కోడి తునకలు! ఇంకొకాయన గుడ్డే కదా అని వేబోస్ మోతులేన్యోస్ అడిగారు. దాని మీద బఠాణీలతో పాటు పంది హామ్ ముక్కలు చల్లి ఉన్నాయి. మూడో ఉత్తరం సూటిగా ఉంది: "మీ వాక్యం పుణ్యమా అని మా అమ్మ రెండు రోజులు అరటిపళ్లతో గడిపింది."

తప్పు నాదే. నిఘంటువులో కార్నే అంటే మాంసమే. కానీ బల్ల దగ్గర ఆ మాట వినగానే అక్కడివాళ్లకి ముందు తట్టేది గొడ్డుమాంసం, మహా అయితే పంది. కోడి పోయో, చేప పెస్కాదో, రొయ్యలూ పీతలూ మారిస్కోస్, హామ్ హమోన్. ఎవరి పేరు వాళ్లదే. మనకైతే "నీసు" అంటే చాలు, అన్నీ అందులోనే పడతాయి. స్పానిష్‌లో అంత పెద్ద సంచీ లాంటి మాట లేదు. అందుకని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి బయటికి పంపాలి:

నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో, ని మారిస్కోస్, ని హమోన్.

మాంసం తినను, కోడీ వద్దు, చేపా వద్దు, రొయ్యలూ పీతలూ వద్దు, హామూ వద్దు. మన మాటల చివర సాగే ఆ దీర్ఘం చేసే పనే అక్కడ "ని" చేస్తుంది. పోయో గుర్తుండకపోతే కోడి ప్రాణం పోయె అనుకోండి, మరి మరిచిపోరు.

"సోయ్ బెహెతారియానో" అంటే సరిపోదా అని అడుగుతారు. (ఆడవాళ్లైతే బెహెతారియానా.) తులూమ్ లాంటి చోట్ల, మెనూలో ఆకు బొమ్మలు వేసుకునే హోటళ్లలో సరిపోతుంది. నేను మాత్రం అలాంటి చోట్ల తినను. మధ్యాహ్నం ఇంటి వంట పెట్టే చిన్న ఫోందాల్లో తింటాను. అక్కడ ఆ మాటకి "మాంసం ముక్కలు కనపడకూడదు" అన్నంత అర్థమే తీసుకున్నవాళ్లు నాకు తగిలారు. ముక్క తీసేసి పులుసు పోస్తారు. వాళ్ల దృష్టిలో మోసమేమీ లేదు.

కాబట్టి రెండో ఆయుధం. "ఇది శాకాహారమేనా" అని అడగొద్దు. మొహమాటానికో, హడావిడిలోనో "సీ, సీ" అనేస్తారు. వస్తువు పేరు పట్టుకుని అడగండి. యేబా? అంటే "ఇందులో ఉందా?" అని.

యేబా పోయో? యేబా హమోన్? ఎల్ అఱ్ఱోస్ యేబా కాల్దో దే పోయో? ఈ చివరిది బట్టీ పట్టండి. ఎర్రగా కనపడే అన్నాన్ని చాలాచోట్ల కోడి ఉడికించిన నీళ్లతో వండుతారు. చూస్తే మన టమాటా అన్నంలా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

లోస్ ఫ్రిహోలేస్ యేబాన్ మంతేకా? చిక్కుడు గింజల ముద్దలో మంతేకా ఉందా? ఈ మాటని కొన్ని నిఘంటువులు వెన్న అంటాయి. అర్జెంటీనాలో అది వెన్నే. మెక్సికోలో పంది కొవ్వు. వెన్న కావాలంటే మంతెకీయా. ఒక్క తోకలో తేడా. గోధుమ తోర్తీయాల్లోనూ ఈ కొవ్వు కలిపే అలవాటుంది, అందుకని మొక్కజొన్నవే అడగండి: తోర్తీయాస్ దే మాయీస్. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి చేస్తారు. తమలపాకులో సున్నం రాసుకునే మనకి ఇది వింతగా అనిపించక్కర్లేదు.

మాంసం తిని గొడ్డూ పందీ మాత్రం మానేవాళ్లకి (నేనూ అంతే) ఒక్క ముక్క చాలు: నో కోమో రెస్, ని ప్వెర్కో. ఆ ప్రాంతం గొప్పగా చెప్పుకునే కొచినీతా పిబిల్ పంది మాంసమే. నారింజ పులుపు, అచియోతే గింజల ఎరుపు పట్టించి అరిటాకులో చుట్టి వండుతారు. అదే మసాలా చేపకి పట్టిస్తే తికిన్ షిక్. నా ఓటు దానికే. ప్వెర్తో మొరేలోస్ ఊళ్లో సముద్రం కనపడేలా కూర్చుని, అరిటాకు విప్పుకుని తినాలి. కాంకూన్ హోటల్ జోన్‌లో మూడు రాత్రులు ఉండే డబ్బుతో ఈ పల్లెలో ఎన్నిసార్లు తినొచ్చో మీరే లెక్కేసుకోండి.

శాకాహారులకి సికిల్ పాక్ ఉంది. గుమ్మడి గింజలు వేయించి టమాటాతో నూరిన పచ్చడి. రోటిపచ్చడి మనుషులం, వదలకండి. గుడ్డు తింటే పాపద్జూలేస్ చెప్పండి, ఉడికించిన గుడ్డుని తోర్తీయాలో చుట్టి గుమ్మడి గింజల పులుసు పోస్తారు. సాయంత్రం చౌరస్తాలో బండి మీద మర్కెసీతా చేస్తారు. పల్చటి కరకర అట్టు, లోపల తురిమిన ఎదామ్ చీజ్. తీపీ ఉప్పూ కలిసి వచ్చే ఆ రుచికి అలవాటు పడ్డానికి నాకు రెండు తినాల్సి వచ్చింది, మూడోది ఇష్టంగా తిన్నాను.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఉత్తరాలతో పాటు కొందరు గొంతు రికార్డు చేసి పంపారు. టాకో. టోర్టియా. క్వెంటా. డోండే. వినలేకపోయాను!

అమెరికా వాళ్లకి పళ్ల వెనక నాలుక ఆనించి "త" అనడం రాదు, పాపం కష్టపడతారు. మనం పుట్టినప్పటి నుంచీ తాత, తాడు, తోట అంటున్నాం. స్పానిష్ త అచ్చంగా అదే త. ద అచ్చంగా దారం, దోస మొదట్లో ఉన్న ద. అయినా ఇంగ్లీషు అక్షరాలు కనపడగానే మన నాలుక వెనక్కి మడత పడి ట, డ అంటుంది. ఇంట్లో ఉన్న బియ్యం వదిలేసి పక్కింట్లో అప్పు తెచ్చుకున్నట్టు.

అనండి: తాకో. తోర్తీయా. తొమాతే. తమాల్. తెకీలా. లా క్వెంతా. దోందే ఎస్తా? దోస్ తాకోస్ (రెండు తాకోలు). "దోస్" దగ్గర దోస అనబోయి స మీద ఆగిపోండి, సరిగ్గా అదే. క, ప కూడా మన కాకి, పప్పు లాగానే, గాలి ఊదకుండా. ఱ్ఱ అని రాసిన చోట బండి ఱ దొర్లించండి. స్పానిష్‌లో పెరో అంటే "కానీ", పెఱ్ఱో అంటే కుక్క. ఇంగ్లీషు హెచ్ పెట్టి హోలా అని రాసినా ఓలా అనే పలుకుతారు, ఆ హెచ్ మూగ (హమోన్‌లో హ పలికేది జె అక్షరం). మాయా (ఆ ప్రాంతపు పాత జాతి) పేర్లలో ఎక్స్ కనపడితే చాలాచోట్ల అది ష: ష్కరేత్, షెల్ హా పార్కులు. ఎక్స్‌కారెట్ అన్నవాళ్లు ఈ పాఠం మళ్లీ మొదట్నించి చదవాలి.

ట అన్నా వాళ్లకి అర్థమవుతుంది, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ట వినపడగానే సర్వర్ ఇంగ్లీషులోకి దిగిపోతాడు. ఇక మీ స్పానిష్ అక్కడితో సరి.

కారం గురించి ఒక్క ముక్క. గుంటూరు వాళ్లమండీ అని హబనేరో మిరపకాయ కొరక్కండి. దాని ఘాటు 1,00,000 నుంచి 3,50,000 స్కోవిల్ (కారం కొలిచే లెక్క) దాకా ఉంటుంది, మన సన్నం మిరప దరిదాపుల్లోకి రాదు. హబనేరోతో చేసే పచ్చడి పేరు ష్నిపెక్, మాయా భాషలో కుక్క ముక్కు. తింటే మన ముక్కూ అలాగే తడుస్తుందని. "పీకా?" (కారమా?) అని అడగండి. "ఉన్ పొకీతో" అంటే కొంచెం అని, ఆ కొంచెం వాళ్ల కొంచెం.

బిల్లు అడిగేదాకా తేరు. అది నిర్లక్ష్యం కాదు, మిమ్మల్ని లేవగొట్టకూడదన్న మర్యాద. లా క్వెంతా, పోర్ ఫాబోర్. టిప్పు 10 నుంచి 15 శాతం. అంకెలు రెండో పాఠంలో అయిపోయాయి, మళ్లీ చెప్పను. మెనూలో డాలరు గుర్తు చూసి కంగారు పడకండి, పెసోలకీ అదే గుర్తు.

మిగిలిన చోటులో తిరుగుడు. ప్లాయా నుంచి తులూమ్‌కి కొలెక్తీబో వ్యాన్లు 307 నంబరు హైవే మీద పోతుంటాయి, మన షేర్ ఆటో వ్యవహారమే. "తులూమ్" అని ఊరుకుంటే ఊళ్లోకి తీసుకుపోతారు. సముద్రం అంచున కొండ మీదున్న మాయా కోట ఊరికంటే ముందే వస్తుంది. మె దేహా ఎన్ లాస్ ఱ్ఱుయీనాస్, పోర్ ఫాబోర్. శిథిలాల దగ్గర దించండి అని.

చిచెన్ ఇత్సా పక్క రాష్ట్రం యుకతాన్‌లో ఉంది, గడియారం గంట వెనక. కాంకూన్ ఉన్న కింతానా ఱ్ఱో రాష్ట్రం 2015లో తన సమయం మార్చుకుంది. వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు పోతుంది. ఆ రాత్రే విమానం ఉంటే టెన్షన్ మీదే. సెనోతే అంటే సున్నపురాయి కప్పు కూలి బయటపడ్డ నీటి గుంట, మన దిగుడుబావిని దేవుడు తవ్వినట్టుంటుంది. దిగేముందు స్నానం చేయిస్తారు, సన్‌స్క్రీన్ రాసుకుని దిగనివ్వరు. దోందే ఎస్తా లా ఱ్ఱెగదేరా? షవర్ ఎక్కడ?

అభ్యాసం. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా మీరు తిన్న ప్రతి వంటకానికీ "యేబా" ప్రశ్నలు రాయండి, మొత్తం ముప్పై. ఒక్కో జవాబు సీ, నో అని కాకుండా పూర్తి వాక్యంలో ఉండాలి. అమెరికాలో ఉన్నవాళ్లు ఈ వారం దగ్గర్లోని తాకేరియాకి (తాకోలు అమ్మే చోటికి) వెళ్లి, ఇంగ్లీషు ముక్క లేకుండా, బెహెతారియానో అనే మాటా వాడకుండా మధ్యాహ్న భోజనం తెప్పించుకోవాలి. ఏం అడిగారో, ఏం వచ్చిందో రెండూ రాసి పంపండి. తాకోకి ట పెట్టి రాసిన ఉత్తరాలు తెరవను.