పెళ్లి రద్దు కేసు నిలబడట్లేదా? ముందు తేదీలు చూడండి

సమస్య: ముఖ్యమైన విషయం దాచి పెళ్లి చేశారు. ఆధారాలు ఉన్నాయి. అయినా ఫ్యామిలీ కోర్టు రద్దు పిటిషన్ కొట్టేసింది. లేదా కేసు వేయకముందే లాయరు "రద్దు కుదరదు, విడాకులకే వెళ్లాలి" అనేశారు.

ఇక్కడ చెప్పేది 1955 హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిళ్ల గురించి మాత్రమే.

మొదట మీది ఏ సెక్షనో తేల్చుకోండి. పెళ్లినాటికే అవతలి వ్యక్తికి విడాకులు కాని భార్యో భర్తో బతికి ఉంటే సెక్షన్ 11. ఆ పెళ్లి మొదటినుంచీ చెల్లదు, గడువు గొడవ లేదు. నిషేధిత వరసలూ ఇందులోకే వస్తాయి. మేనమామ-మేనకోడలి పెళ్లి కూడా ఆ వరసే, కానీ ఆచారం ఉన్నచోట చెల్లుతుంది. కాబట్టి మన దగ్గర ఆ ఒక్క కారణం మీద ఆశ పెట్టుకోకండి.

కోర్టుకెళ్లి రద్దు చేయించుకోగల పెళ్లిళ్లకు సెక్షన్ 12. దాని కిందికి వచ్చేవి: లైంగిక అసమర్థత వల్ల సంసారం జరగకపోవడం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, బలవంతం లేదా మోసంతో ఒప్పించడం, పెళ్లినాటికే వధువు మరొకరివల్ల గర్భవతి అయి ఉండటం. "పెళ్లయి నెల కూడా కాలేదు", "అసలు పడట్లేదు" అన్నవి ఇందులో లేవు. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే ప్రశ్నతో వస్తారు.

అసలు కారణం: ఎక్కువ కేసులు పోయేది ఏడాది లెక్కలో. చట్టంలో రెండు ఏడాదులున్నాయి, అవి ఒకదానికొకటి ఎదురు. విడాకులకైతే మామూలుగా పెళ్లయిన ఏడాది దాకా పిటిషన్ వేయకూడదు. మోసం మీద రద్దుకైతే మోసం తెలిసిన ఏడాది దాటాక వేయకూడదు. మొదటిది అందరికీ తెలుసు, రెండోది చాలామందికి తెలియదు. "ఏడాది ఆగి కేసు వేద్దాం" అని ఇంట్లోవాళ్లు మంచి మనసుతోనే సలహా ఇస్తారు. ఆగేసరికి రద్దు దారి మూసుకుపోతుంది.

దానికంటే ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది. మోసం తెలిశాక ఇష్టపూర్వకంగా కలిసి కాపురం చేస్తే, ఏడాది లోపల వేసినా పిటిషన్ నిలవదు. పెద్దమనుషులు పంచాయితీ పెట్టి "ఒక్క నెల సర్దుకుని చూడమ్మా" అంటారు, అమ్మాయి వెళ్తుంది. రేపు అవతలి లాయరు చూపించేది ఆ నెలే. బలవంతం మీద వెళ్లానని చెప్పొచ్చు గానీ రుజువు చేయడం చాలా కష్టం.

ఏం చేయాలి: విషయం ఎప్పుడు, ఎవరి ద్వారా, ఎలా తెలిసిందో ఈరోజే రాసిపెట్టుకోండి. ఆ తేదీని చూపించే వాట్సాప్ మెసేజ్, ఆసుపత్రి కాగితం, పాత కేసు కాపీ ఏదున్నా దాచండి. పిటిషన్లో ఆ తేదీ స్పష్టంగా ఉందో లేదో మీరే చదివి చూసుకోండి. రాజీ మాటలు నడవనివ్వండి, కానీ పుట్టింట్లోనే ఉండి మాట్లాడండి. గడువు దాటిపోయి ఉంటే రద్దు కోసం పట్టుబట్టకుండా సెక్షన్ 13 కింద విడాకులకో, ఇద్దరూ ఒప్పుకుంటే 13బికో వెళ్లండి.

గర్భం కారణమైతే లెక్క ఇంకా బిగువు: తెలిసిన రోజు నుంచి కాదు, పెళ్లి రోజు నుంచే ఏడాది. అసమర్థత, మానసిక స్థితి కారణాలకు సెక్షన్ 12లో ఈ ఏడాది గడువు లేదు, అలాగని ఊరికే ఆలస్యం చేయకండి.

స్టాంపు పేపరు మీద రాసుకున్న ఒప్పందంతో రద్దు కాదు. సెక్షన్ 12 పెళ్లి కోర్టు డిక్రీ వచ్చేదాకా చెల్లే పెళ్లే. బాల్య వివాహమైతే 2006 చట్టం వేరే ఉంది, మేజరైన రెండేళ్లలోపు వేయాలి. పిల్లలుంటే భయపడకండి, రద్దయినా సెక్షన్ 16 ప్రకారం వాళ్లు సక్రమ సంతానమే.

కేసు ఎక్కడ వేయాలన్న టెన్షన్ కూడా వద్దు: పెళ్లి జరిగిన ఊరు, అవతలివాళ్లుండే ఊరు, చివరిగా కలిసున్న ఊరు, ఏదైనా సరే. భార్య వేస్తే తానుండే ఊళ్లోనే వేయొచ్చు.