పెద్ద బైకు కొనే ముందు, కొన్న తరువాత: విజయవాడ, గుంటూరు వారికి కొన్ని సూచనలు

పదిహేను, ఇరవై లక్షల రూపాయలు పెట్టి వెయ్యి సీసీ బైకు కొనాలనుకునేవారు సాధారణంగా మొదట చూసేది దాని గరిష్ఠ వేగాన్ని, హార్స్‌పవర్‌ను. మన ప్రాంతంలో ఆ రెండింటికీ పని చాలా తక్కువ. 2018లో కేంద్ర ప్రభుత్వం సవరించిన పరిమితుల ప్రకారం నాలుగు వరుసల జాతీయ రహదారిపై మోటారు సైకిలు గంటకు 80 కిలోమీటర్లు, పట్టణ రోడ్లపై 60 కిలోమీటర్లు దాటకూడదు. ఈ తరగతి బళ్ళు చాలావరకు మొదటి గేరులోనే వంద దాటగలవు. అంటే చెన్నై–కోల్‌కతా రహదారి మీద చట్టం ఒప్పుకునే వేగమంతా ఒక్క గేరులోనే అయిపోతుంది. కేవలం వేగం కోసం కొన్నవారికి నిరాశ తప్పదు. అయితే ఈ బళ్ళలో రోజూ అనుభవానికి వచ్చే గుణం ఇంకొకటి ఉంది. నడిపేవాడి చేతికి, కాలికి అవి లోబడి ఉండే తీరు అది. కొనాలా వద్దా, ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి అన్న ప్రశ్నలన్నిటికీ ఆ గుణాన్ని బట్టే సమాధానం వెదకాలని నా గట్టి అభిప్రాయం.

తెల్లవారుజామున ఐదు గంటలకు బెంజ్ సర్కిల్ దగ్గర బయలుదేరి, వారధి దాటి, మంగళగిరి మీదుగా గుంటూరు వైపు వెళ్ళి చూస్తే ఆ మాట అర్థమవుతుంది. లారీని దాటాలంటే గేరు మార్చే పని లేకుండా యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పితే చాలు, మామూలు బైకు మీద ఊపిరి బిగబట్టుకుని చేసే ఓవర్‌టేక్ మూడు నాలుగు సెకన్లలో ముగుస్తుంది. సర్వీసు రోడ్డు నుంచి రాంగ్ రూటులో ఆటో అడ్డం వచ్చినప్పుడు ముందున్న జంట డిస్క్ బ్రేకులు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కలిసి బండిని అటూ ఇటూ ఊగనివ్వకుండా ఆపుతాయి. వాన చినుకులు పడ్డ రోడ్డు మీద వెనుక చక్రం జారబోతే ట్రాక్షన్ కంట్రోల్ మనకు తెలిసేలోపే ఇంజను శక్తిని తగ్గిస్తుంది. ఇదంతా 80 కిలోమీటర్ల లోపే దొరికే ఆనందం. నిజంగా వేగమే చూడాలనుకునేవారికి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది. అక్కడ శిక్షణ తరగతిలో చేరి నేర్చుకోవడం మంచిది గాని, ఆ కోరికను కాజా టోల్‌గేటు దాటాక తీర్చుకోవడం తగదు.

ఎంపిక దగ్గర బరువును, ఎత్తును తేలికగా తీసుకోకండి. సుజుకి హయబుసా 1340 సీసీ ఇంజనుతో దాదాపు 190 హార్స్‌పవర్ ఇస్తుంది, కానీ బండి బరువు 266 కిలోలు, నేలకూ దాని అడుగు భాగానికీ మధ్య ఉన్నది 125 మిల్లీమీటర్లు మాత్రమే. అపార్ట్‌మెంటు సెల్లార్ ర్యాంపు మీద దాన్ని వెనక్కి నెట్టగలరా, మీ వీధి మొదట్లో ఎవరో వేయించిన సిమెంటు స్పీడ్ బ్రేకర్ మీద దాని పొట్ట గీసుకోకుండా వెళ్తుందా అన్నది షోరూములో తెలియదు. టెస్ట్ రైడ్ అడిగి మీ ఇంటి దారినే తీసుకువెళ్ళి చూడండి. కవాసాకి జెడ్ 900 వంటి బండి 948 సీసీ, సుమారు 125 హార్స్‌పవర్, సుమారు 212 కిలోలు. హ్యాండిల్ ఎత్తుగా ఉండడం వల్ల నడుము మీద, మణికట్టు మీద భారం పడదు. ఈ ఊళ్ళలో మొదటి పెద్ద బైకు 650 నుంచి 900 సీసీ మధ్య, నిటారుగా కూర్చునే రకంగా ఉండాలని నేను ఎవరు అడిగినా చెబుతాను. ముందుకు వంగి కూర్చునే సూపర్‌స్పోర్ట్ బండి బందరు రోడ్డు ట్రాఫిక్‌లో నడిపేవాడికి శిక్షగా మారుతుంది.

ఎండ సంగతి విడిగా చెప్పుకోవాలి. మే నెలలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే మీటరులో కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత 90 డిగ్రీల నుంచి మెల్లగా ఎక్కుతూ వందకు చేరుతుంది, రేడియేటర్ ఫ్యాను హోరున తిరగడం మొదలవుతుంది, ఆ వేడి గాలి నేరుగా తొడల మీదికి కొడుతుంది. ఇది బండిలోని లోపం కాదు, శక్తివంతమైన ఇంజను ఆగి ఉన్నప్పుడు వేడిని వదిలించుకునే పద్ధతే అది. పెద్ద సిగ్నల్ దగ్గర ఇంజను ఆపేయండి, కూలెంట్‌ను కంపెనీ చెప్పిన గడువుకే మార్పించండి, మార్చి నుంచి జూన్ వరకు ఉదయం తొమ్మిది దాటాక ఊళ్ళోకి తీయకండి. ఎండను సాకుగా చూపి చొక్కా, చెప్పులతో నడపడం మాత్రం ప్రమాదకరం. గాలి ఆడే మెష్ జాకెట్లు మన వాతావరణానికి సరిపోతాయి. హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, బూట్ల కోసం కనీసం యాభై వేలు బండి ధరకు అదనంగా పక్కన పెట్టుకోలేనివారు కొనుగోలును వాయిదా వేసుకోవడమే క్షేమం.

ఖర్చు షోరూము ధరతో ముగియదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బైకులపై జీఎస్టీ 40 శాతం, అది షోరూము ధరలోనే కలిసి ఉంటుంది. ఆ పైన లైఫ్ టాక్స్, కొత్త బండికి తప్పనిసరైన ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఉంటాయి. వెనుక టైరు మెత్తటి రబ్బరుతో చేసినది కనుక చాలామందికి పది వేల కిలోమీటర్ల లోపే అరిగిపోతుంది. కిందపడితే ఫెయిరింగ్ (బండి మీది ప్లాస్టిక్ తొడుగు), లివర్, ఇండికేటర్ వంటి విడిభాగాలు విదేశం నుంచి వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉండవచ్చు. ఆటోనగర్‌లో లారీ ఇంజను విప్పి బిగించగల పనివాళ్ళు ఉన్నారు, కానీ ఈ బళ్ళ ఎలక్ట్రానిక్ లోపాలను చదివే కంపెనీ పరికరం లేనిదే వారైనా ఏమీ చేయలేరు. అధీకృత సర్వీసు విజయవాడలో ఉందా, లేక దాదాపు 270 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు తీసుకువెళ్ళాలా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి.

సెకండ్ హ్యాండ్ బండి అయితే ఇంకా జాగ్రత్త అవసరం. తెలంగాణ నంబరు బండికి అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి, ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు ఆర్‌సీలో నమోదు కావాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టాలి. ఇవన్నీ లెక్క వేశాకే బేరం ఆడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ముద్రించి ఉంటాయి. 2421 అని ఉంటే 2021వ సంవత్సరం 24వ వారంలో తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఐదారేళ్ళు దాటిన టైరును మార్చాల్సినదిగానే లెక్కకట్టండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్న సంగతి మరువకూడదు. సీటు తీసి లోపలి వైరింగ్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీసి చూడండి: పిన్నుల మీద పచ్చటి చిలుము, బోల్టు గాడుల్లో సన్నటి ఎండిన ఒండ్రు కనిపిస్తే ఆ బండి మునిగిందనే అనుకోవాలి. మీ బండి ఎప్పుడైనా మునిగితే సెల్ఫ్ నొక్కకండి. సిలిండరులోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజను రక్షణకు బీమాలో విడిగా చేర్చుకునే కవర్ ఉంది, సెల్లార్‌లో పెట్టేవారికి అది అవసరం.

రోజువారీ పోషణ పెద్ద కష్టం కాదు. చైనును ఐదారు వందల కిలోమీటర్లకు ఒకసారి శుభ్రం చేసి లూబ్ వేయాలి, గాలిని ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. కాబట్టి నెలల తరబడి బండిని కదలకుండా ఉంచకండి. పాత బండి అయితే ఈ పెట్రోలు దానికి సరిపడుతుందో లేదో కంపెనీ పుస్తకంలో చూడండి. సైలెన్సర్ మార్పించి వీధంతా హోరెత్తించడం చట్టవిరుద్ధం, పైగా ఇరుగుపొరుగుకు హింస.

పల్లె రోడ్ల మీద కోతల కాలంలో ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తారు. ఆ గింజల మీద బ్రేకు పట్టుకుంటే ఏ ఎలక్ట్రానిక్స్ వల్లా పూర్తి రక్షణ ఉండదు. వేగం ముందే తగ్గించుకుని, బండిని నిటారుగా ఉంచి, బ్రేకు తాకకుండా దాటాలి. రైతుకు ఆ రోడ్డే కళ్ళం, కనుక హారన్ కొట్టి ప్రయోజనం లేదు.

బండి ఇంటికి వచ్చిన వారంలోనే “అన్నా, ఒక్క రౌండ్ వేసి వస్తా” అనేవారు వస్తారు. చిన్న బైకు మీద అలవాటైన చేయి ఇక్కడ అంతే తిప్పితే బండి చేజారుతుంది. మైనరు పిల్లవాడికి ఇస్తే యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు పడవచ్చని 2019 సవరణ చట్టం చెబుతోంది. తాళం చెవి అందరికీ కనబడే చోట తగిలించకండి. బంధువుల పిల్లవాడు అడిగితే వెనుక కూర్చోబెట్టుకుని, హెల్మెట్ పెట్టించి, మీరే తిప్పి తీసుకురండి.