గీత గీశాకే లెక్క: యూనివర్సిటీలో కార్పొరేట్ ఫైనాన్స్ చదవబోయేవాళ్లకి

నేను డిగ్రీలో చరిత్ర చదివి ఎంబీఏకి వచ్చినదాన్ని. డెబిట్ ఎడమ పక్క రాస్తారో కుడి పక్క రాస్తారో కూడా తెలియకుండానే కార్పొరేట్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ క్లాసులో కూర్చున్నాను. మొదటి ఇంటర్నల్‌లో నాకొచ్చింది 30కి 9. విచిత్రమేమిటంటే, అప్పటికి ఫార్ములాలన్నీ నాకు నోటికి వచ్చు. పేపర్ చేతికొచ్చాక చూసుకుంటే ఫార్ములా తప్పిన చోటు ఒక్కటీ లేదు, అందులో వేసిన అంకెలే తప్పు. ఏ డబ్బు లెక్కలోకి వస్తుందో, అది ఎప్పుడు చేతికొస్తుందో తేల్చుకోకుండానే కాలిక్యులేటర్ మీద పడ్డాను. ఆ తర్వాత రెండేళ్లు సాయంత్రం పూట జూనియర్లకి ఇదే సబ్జెక్టు చెప్పాను. వాళ్లలోనూ చాలామందిది నా జబ్బే. అందుకని ఫార్ములాల జోలికి పెద్దగా వెళ్లకుండా, ఈ సబ్జెక్టుని ఎలా పట్టుకోవాలో రాస్తున్నాను.

ఏ లెక్క ఇచ్చినా ముందు కాగితం మీద ఒక అడ్డగీత గీయండి. ఎడమ చివర సున్నా, అంటే ఇవాళ. తర్వాత 1, 2, 3 అని ఒక్కో ఏడాది చివర. లోపలికొచ్చే డబ్బు గీత పైన, బయటికెళ్లేది గీత కింద. చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది కానీ సిగ్గుపడకండి, నేను ఇప్పటికీ గీస్తాను. గీత మీద చోటు దొరకని అంకె ఏదైనా ఉంటే అది అసలు లెక్కలోకి రావాలా వద్దా అని అనుమానించాలి. ఆ గీత ఉపయోగమంతా ఇదే.

నన్ను ముంచిన లెక్కనే చూడండి. ఒక కంపెనీ 10,000 పెట్టి యంత్రం కొంటుంది. అయిదేళ్లు పనిచేస్తుంది, ఆ తర్వాత దానికి విలువ లేదు. ఏటా 6,000 అమ్మకాలు, 3,000 ఖర్చులు, రెండూ నగదే. తరుగుదల ఏటా 2,000. పన్ను 30 శాతం, డిస్కౌంట్ రేటు, అంటే రేపటి డబ్బుని ఇవాళ్టి విలువకి తగ్గించే రేటు, 10 శాతం. నేనేం చేశానంటే, 6,000లోంచి 3,000, 2,000 తీసేసి, మిగిలిన 1,000 మీద 300 పన్ను కట్టి, 700 లాభం అని రాసి దాన్నే డిస్కౌంట్ చేశాను. ఏటా ఒక రూపాయి చొప్పున అయిదేళ్లు వస్తే 10 శాతం దగ్గర దాని ఇవాళ్టి విలువ 3.7908. 700ని దానితో హెచ్చవేస్తే 2,654. అందులోంచి 10,000 తీసేస్తే ఎన్‌పీవీ, అంటే పెట్టుబడి పోను మిగిలే ఇవాళ్టి విలువ, మైనస్ 7,346. యంత్రం కొనొద్దని ధీమాగా తీర్పు కూడా రాశాను.

నేను యంత్రం ఖరీదుని రెండుసార్లు తీసేశాను. సున్నా దగ్గర 10,000 ఒకసారి, ఏటా 2,000 చొప్పున తరుగుదల పేరుతో మరోసారి. తరుగుదల పుస్తకంలో రాసుకునే ఖర్చే తప్ప ఎవరి చేతికీ ఇచ్చే డబ్బు కాదు. గీత గీసి ఉంటే, ఆ 2,000 ఎవరికి వెళ్తోందన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేదాన్ని. అది చేసే పని ఒక్కటే, పన్ను తగ్గించడం. కాబట్టి 700కి 2,000 తిరిగి కలపాలి. ఏటా చేతికొచ్చేది 2,700. దాని ఇవాళ్టి విలువ 10,235. ఎన్‌పీవీ ప్లస్ 235. కొనాల్సిందే.

ఇప్పుడు అదే లెక్కని పరీక్షలో ఇచ్చినట్టు ఇంకొంచెం మెలిపెడదాం. యంత్రం నడవాలంటే మొదట్లోనే 500 విలువైన సరుకు నిల్వ పెట్టుకోవాలి. అయిదో ఏడాది చివర ఆ 500 వెనక్కి వస్తుంది. "వెళ్లిందీ 500, వచ్చిందీ 500, సరిపోయింది" అనుకునేవాళ్లు చాలామంది. అయిదేళ్ల తర్వాత వచ్చే 500 ఇవాళ్టి లెక్కలో 310 మాత్రమే. దాదాపు 190 పోయినట్టే. ఎన్‌పీవీ 46కి దిగుతుంది. ఆ పైన ఇంకో వాక్యం తగిలిస్తారు: "ఈ ప్రాజెక్టు మీద సర్వేకి కంపెనీ నిరుడు 200 ఖర్చుపెట్టింది." దాన్ని తీసేశారో, మైనస్ 154 అయి మంచి ప్రాజెక్టు చేజారిపోతుంది. యంత్రం కొన్నా కొనకపోయినా ఆ 200 తిరిగి రాదు. సున్నాకి ఎడమ పక్కన జరిగిపోయిన ఖర్చుకి గీత మీద చోటు లేదు. దీన్నే సంక్ కాస్ట్ అంటారు. పేరు గుర్తులేకపోయినా గీత కాపాడుతుంది.

దీనికి తిరగేసిన బాపతు ఇంకోటి ఉంది. యంత్రం పెట్టే షెడ్డు కంపెనీదే, ఖాళీగా ఉంది కాబట్టి ఖర్చు సున్నా అని రాస్తాం. ఆ షెడ్డుని అద్దెకి ఇవ్వగలిగితే, పోగొట్టుకునే అద్దె ఈ ప్రాజెక్టు ఖర్చే. జేబులోంచి పైసా కదలకపోయినా లెక్కలోకి వస్తుంది. వడ్డీ కూడా ఇలాగే తికమక పెడుతుంది. యంత్రానికి అప్పు తెచ్చినా సరే, క్యాష్ ఫ్లోలోంచి, అంటే గీత మీది నగదు రాకపోకల్లోంచి, వడ్డీ తీసేయకూడదు. ఆ పని డిస్కౌంట్ రేటు ఎలాగూ చేస్తోంది. తీసేస్తే తరుగుదల విషయంలో నేను చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. ద్రవ్యోల్బణం గురించి మాత్రం ఒకే మాట: పెరిగిన ధరలతో క్యాష్ ఫ్లో వేస్తే రేటు కూడా ద్రవ్యోల్బణం కలిపిందే ఉండాలి, తీసేసి వేస్తే రేటులోంచీ తీసేయాలి.

కాలిక్యులేటర్ గురించి ఒక ముచ్చట. సెమిస్టర్ పరీక్షకి ముందు రోజు నా ఫైనాన్స్ కాలిక్యులేటర్ బీఏ టూ ప్లస్ మొరాయిస్తే స్నేహితురాలిది అడిగి తీసుకెళ్లాను. పై లెక్కలాంటిదే వచ్చింది. 10,235 రావాల్సిన చోట 11,259 లాంటి అంకె వస్తోంది. మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ అదే. తెర పైన మూల చిన్న అక్షరాల్లో బీజీఎన్ అని ఉంది, నేను చూడలేదు. అంటే ప్రతి చెల్లింపూ ఏడాది మొదట్లోనే వచ్చేస్తుందని యంత్రం అనుకుంటోంది, అందుకే జవాబు సరిగ్గా 1.1 రెట్లు అయింది. పరాయి కాలిక్యులేటర్‌తో పరీక్షకి వెళ్లకండి. వెళ్లక తప్పకపోతే, జవాబు తెలిసిన లెక్క ఒకటి ముందు కొట్టి చూసుకోండి. ఎక్సెల్ కూడా ఇలాంటి చిక్కే పెడుతుంది. దాని ఎన్‌పీవీ ఫంక్షన్ మీరిచ్చిన మొదటి అంకెని కూడా ఒక ఏడాది డిస్కౌంట్ చేస్తుంది. కాబట్టి సున్నా ఏడాది పెట్టుబడిని ఫంక్షన్ లోపల పెట్టకుండా విడిగా కలుపుకోవాలి. లేకపోతే మన 46 కాస్తా 41 అవుతుంది. మరీ వింతగా కనిపించే అంకె కాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఐఆర్ఆర్, అంటే ఎన్‌పీవీని సున్నా చేసే రేటు, దాని మీద అతిగా ప్రేమ పెంచుకోవద్దు. శాతంలో చెబుతుంది కాబట్టి వినడానికి బాగుంటుంది, అంతే. ఇవాళ 100 పెట్టి, ఏడాదికి 230 వచ్చి, రెండో ఏడాది మూసివేత ఖర్చుగా 132 కట్టాల్సిన ప్రాజెక్టు తీసుకోండి. 10 శాతం దగ్గర ఎన్‌పీవీ సున్నా. 20 శాతం దగ్గరా సున్నానే. రెండు ఐఆర్ఆర్‌లు! ఏది నిజమని అడిగితే రెండూ నిజమే, రెండూ పనికిరావు. చేత్తో ఒక్కసారి వేసి చూసుకోండి, ఇక మరిచిపోరు.

థియరీ దగ్గరికి వద్దాం. క్యాపిటల్ స్ట్రక్చర్ అధ్యాయం రాగానే సగం క్లాసు నీరసపడుతుంది. మొడిగ్లియాని, మిల్లర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1958లో చెప్పింది పైకి వింతగా ఉంటుంది: కంపెనీ అప్పు ఎంత, ఈక్విటీ, అంటే వాటాదారుల డబ్బు, ఎంత అన్నదానితో కంపెనీ విలువకి సంబంధం లేదు. అన్నదమ్ములు పొలాన్ని ఎన్ని వాటాలు వేసుకున్నా పంట పెరగదు కదా, అదీ సంగతి. పన్నులు లేవు, దివాలా ఖర్చులు లేవు, అందరికీ ఒకే సమాచారం ఉంది అన్న ఊహల మీద నిలబడిన మాట అది. "లోకంలో అలా ఉండదుగా" అని నేనూ మొదట్లో విసుక్కున్నాను. తర్వాత తెలిసింది, ఆ ఊహల జాబితాయే మిగతా సిలబస్సుకి విషయసూచిక అని.

ఒక పేజీ తీసుకుని ఎడమ పక్క ఊహలు రాయండి, కుడి పక్క ఒక్కోదాన్ని తీసేస్తే ఏమవుతుందో రాయండి. పన్ను ఉందనుకుంటే వడ్డీకి పన్ను మినహాయింపు దొరుకుతుంది, అప్పుకి బలం వస్తుంది. 1963లో వాళ్లిద్దరే చేసిన సవరణ ఇది. దివాలా ఖర్చు ఉందనుకుంటే ఆ బలానికి ఒక హద్దు పడుతుంది. యజమాని వేరు, నడిపే మేనేజరు వేరు, ఇద్దరి లాభం ఒకటి కాదనుకుంటే జెన్సన్, మెక్లింగ్ 1976లో రాసిన ఏజెన్సీ ఖర్చుల దగ్గరికి వెళ్తాం. కంపెనీ లోపలివాళ్లకి తెలిసింది బయటి మదుపరికి తెలియదనుకుంటే మయర్స్, మజ్లుఫ్ 1984లో రాసిన వ్యాసం దగ్గరికి వెళ్తాం. కొత్త షేర్లు అమ్ముతున్నారంటే ధర ఎక్కువగా ఉందనేమో అని జనం శంకిస్తారు కాబట్టి కంపెనీలు ముందు సొంత నగదు, తర్వాత అప్పు, చివరికి షేర్లు అన్న వరసలో వెళ్తాయి. ఈ పేజీ చేసుకున్నాక నాకు థియరీ ప్రశ్నకి బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు. నా నోట్సులో జూనియర్లు ఎక్కువగా జిరాక్సు తీసుకున్నదీ ఈ పేజీనే.

పెట్టుబడి ఖర్చు, అంటే డబ్బు పెట్టినవాళ్లు అడిగే రాబడుల సగటు, దాన్నే వాక్ అంటారు, లెక్కగా తేలికే. ఈక్విటీ ఖర్చుకి షార్ప్ 1964 నాటి క్యాప్‌ఎమ్ వాడతారు, రిస్కుని బట్టి రాబడి చెప్పే సూత్రం అది. రిస్కు లేని రేటు 4, మార్కెట్ ప్రీమియం (రిస్కుకి మార్కెట్ అదనంగా ఇచ్చే రాబడి) 5, బీటా (మార్కెట్‌తో పాటు షేరు ఎంత ఊగుతుందన్న కొలత) 1.6 అయితే 12 శాతం. అప్పు రేటు 8, పన్ను 25 శాతం అయితే పన్ను పోను 6. ఈక్విటీ 60, అప్పు 40 పాళ్లలో ఉంటే 7.2కి 2.4 కలిపి 9.6 శాతం. ఇక్కడ మార్కులు పోయేది కూడికలో కాదు. పాళ్లు బ్యాలెన్స్ షీట్ విలువలతో వేస్తారు, మార్కెట్ విలువలతో వేయాలి. రెండోది, ఇంకా పెద్దది: ఆ 9.6ని కంపెనీ చేపట్టే ప్రతి ప్రాజెక్టుకీ వాడేస్తారు. రిస్కు ప్రాజెక్టుదే తప్ప డబ్బు పెట్టిన కంపెనీది కాదు. నిదానంగా సాగే కంపెనీ ఎగుడుదిగుడు వ్యాపారంలోకి దిగుతుంటే రేటు ఆ వ్యాపారాన్ని బట్టి ఉండాలి.

సెమిస్టర్ మొదటి వారంలోనే షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీని ఒకదాన్ని ఎంచుకుని, దాని వార్షిక నివేదికలు అయిదేళ్లవి దించుకోండి. బ్యాంకులు, బీమా కంపెనీలు వద్దు, వాటి లెక్కల తీరే వేరు. ఛైర్మన్ ఉత్తరం, రంగుల బొమ్మలు దాటేసి నేరుగా క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తెరవండి. అయిదేళ్ల నికర లాభం ఒక వరసలో, వ్యాపారం నుంచి వచ్చిన నగదు కింద వరసలో రాయండి. లాభం ఏటా పెరుగుతూ నగదు పెరగకపోతే, ఆ డబ్బు ఎక్కడ ఇరుక్కుందో వెతకండి. సరుకు 60 రోజులు గోదాంలో ఉండి, కొన్నవాళ్లు 45 రోజులకి డబ్బిచ్చి, మనం సరఫరాదారుకి 30 రోజులకే కట్టేస్తుంటే, 75 రోజులపాటు మన డబ్బు బయట ఉన్నట్టు. వర్కింగ్ క్యాపిటల్ అధ్యాయం పుస్తకంలో పొడిపొడిగా ఉంటుంది, ఇలా చూస్తే ప్రాణమొస్తుంది. ఆ తర్వాత నివేదికలోని నోట్సులోకి వెళ్లి అప్పులు ఎప్పటికెప్పటికి తీర్చాలో చూడండి. డివిడెండ్ అధ్యాయం వచ్చేసరికి ఆ కంపెనీ మీకు చుట్టమైపోతుంది.

రోజూ చదివే పద్ధతికొస్తే, గ్రూపు స్టడీ నలుగురికి మించితే కబుర్లే. నాకు పనికొచ్చింది తప్పుల పుస్తకం. చేసిన ప్రతి తప్పుకీ ఒక్క వరస: ఏ అంకె, ఎందుకు పెట్టాను, ఎందుకు పెట్టకూడదు. జవాబు మొత్తం ఎక్కించొద్దు. పరీక్ష ముందు రాత్రి నేను తిరగేసింది ఆ పదమూడు పేజీలే.

చివరి ఏడాది వైవాలో పై యంత్రం లెక్కలాంటిదే ఇచ్చారు. జవాబు సరిగ్గానే చెప్పాను. పరీక్షకులు కాగితం నా వైపు తిప్పి, "ఈ 46 ఎవరిదమ్మా?" అని అడిగారు. కంపెనీ లాభమండీ, అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "అప్పిచ్చినవాళ్లకీ వాటాదారులకీ రావాల్సిన 10 శాతం ఎక్కడికి పోయింది మరి?" అన్నారు. అప్పుడు తట్టింది: పెట్టినవాళ్లందరికీ అసలూ, అడిగిన రాబడీ ముట్టాక ఇంకా మిగిలేది ఆ 46, ఇవాళ్టి విలువలో. అది వాటాదారులది. ఎన్‌పీవీ కనుక్కోమన్న ప్రతి జవాబు కిందా ఈ వాక్యం మీ మాటల్లో రాయండి, ఆ కిందనే చేపట్టాలో వద్దో రాయండి.